రంగులు మారే వేసవి గోళ్ళు: పసుపు కొట్టిన రోజున నా అరోరా క్రోమ్‌కు పట్టిన గతి

వేసవిమల్లె (విజయవాడ), మే 10

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేసవిలో ఎవరి చేతులు చూసినా కనిపిస్తున్న రంగులు మారే గోళ్ళను, అంటే ఆలిచిప్ప లోపలి పొరలాగా చేయి తిప్పినకొద్దీ గులాబీ, లేతాకుపచ్చ, ఊదా రంగులు దొర్లే ‘అరోరా క్రోమ్’ గోళ్ళను, మా చెల్లెలి పెళ్ళి పేరు చెప్పి నేను కూడా వేయించుకున్నాను. అతినీలలోహిత కాంతి ల్యాంపు కింద గట్టిపడే జెల్ పూతను మీగడ రంగులో వేసి, దాని మీద పొడి రుద్ది చేసే ఈ పనికి మా పేటలోని ఒక పార్లర్‌లో రెండున్నర గంటలు కూర్చోవలసి వచ్చింది. బయటికి వచ్చి ఎండలో చేయి చాపి చూసుకున్నప్పుడు మాత్రం ఆ రెండున్నర గంటలూ గుర్తుకు రాలేదని ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చి స్టీలు గ్లాసు పట్టుకుంటే గోళ్ళలోని ఆకుపచ్చ ఆ గ్లాసు మీద కూడా ఆడింది.

ఆ సంబరం ఒకటిన్నర రోజే నిలిచింది. మరునాడు పెళ్ళిపనులకు శ్రీకారం చుడుతూ మా ఇంట్లో పసుపు కొట్టారు. పెద్దవాళ్ళతో పాటు నేనూ రోకలికి చేయి వేసి, దంచిన పసుపును చేత్తోనే జల్లెడలోకి ఎత్తాను. సాయంత్రానికి పది గోళ్ళలో ఎనిమిది గోళ్ళు చామంతి రంగుకు వచ్చాయి. కంగారుపడి సబ్బుతో గట్టిగా రుద్దితే తగ్గకపోగా కాసేపు ఇటుక రంగుకు తిరిగాయి! అది చాలదన్నట్టు నాలుగో రోజున కుడిచేతి చూపుడువేలి గోటి కొసన పై పొర సన్నని రేకులాగా లేచింది. దాని కింద మెరుపు పోయి బూడిద రాసినట్టు ఉన్నది. పెళ్ళి ఫొటోలలో ఆ వేలిని నేను చీర కుచ్చిళ్ళలో దాచుకున్న సంగతి నాకొక్కదానికే తెలుసు.

పసుపు విషయంలో పొరపాటు నాదే. కొస లేవడం మాత్రం వేసినవారి లోపమా, నా గోళ్ళ లోపమా, లేక ఈ పద్ధతికీ మన వంటింటికీ అసలు పొసగదా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పండి. పది రోజులలో ఆవకాయ పెట్టవలసి ఉన్నది.

నీలిగోరు (హైదరాబాద్), మే 10

వేసవిమల్లె గారూ, నేను పదకొండేళ్ళుగా ఈ పని చేస్తూ బతుకుతున్నాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే కొస లేవడం మీ గోళ్ళ లోపం కాదు.

జెల్ ల్యాంపు కింద గట్టిపడినప్పుడు గాలి తగిలే పైపొర మాత్రం జిగటగా మిగిలిపోతుంది, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ అక్కడ గట్టిపడే చర్యను అడ్డుకుంటుంది. ఆ జిగట మీద క్రోమ్ పొడి రుద్దితే అద్దంలా పరుచుకోకుండా రవ్వలా అంటుకుంటుంది. అందుకని జిగట మిగలని టాప్ కోట్ (పైపూత) ఒకటి ప్రత్యేకంగా వేసి, దానిని పూర్తి సమయం కాకుండా దాదాపు సగం సేపు మాత్రమే ల్యాంపు కింద ఉంచి, ఇంకా కొంచెం వెచ్చగా ఉండగానే స్పాంజి కుంచెతో పొడిని రుద్దుతాము. పొడి ఎంత తక్కువైతే మెరుపు అంత బాగుంటుంది. కుంచె కొనకు అంటినంత పొడి రెండు గోళ్ళకు వస్తుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. రుద్దేటప్పుడు ఆ పొడి గోటి కొసకూ పక్కలకూ కూడా పట్టుకుంటుంది. దాని మీద చివరి టాప్ కోట్ వేస్తే అది జెల్‌ను పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. పొడిని పట్టుకున్న పూత గోడ మీది దుమ్ము మీద వేసిన సున్నం లాంటిది. కనుక చివరి పూతకు ముందు కొసను ఆకురాయితో ఒక్కసారి సుతారంగా గీసి, పక్కలను సన్నని కుంచెతో దులిపి, ఆపైన పూతను గోటి అంచు దాటించి కిందివైపుకు మడిచినట్టు వేయాలి. మీ చూపుడువేలి దగ్గర ఈ మడత వేయలేదని నా అనుమానం. అన్నం కలిపేది, డబ్బాల మూతలు లేపేది ఆ వేలే గనుక మొదట అక్కడే లేచింది.

సబ్బుతో ఎర్రబడడానికి కారణం మీకు తెలిసినదే. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే సబ్బులోని క్షారానికి కూడా పసుపు ఎర్రబడుతుంది. పసుపు రంగు నీటిలో కరగదు, నూనెలోనూ స్పిరిట్‌లోనూ కరుగుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, తరువాత కాసేపు ఎండ తగలనివ్వండి. పసుపు మరకల బట్టలను మన ఇళ్ళలో ఎండలో ఆరవేసేది ఇందుకే.

గోరింటచెట్టు (రాజమహేంద్రవరం), మే 11

అమ్మాయిలూ, రెండున్నర గంటలు కూర్చుని, డబ్బు పోసి, ఆపైన స్పిరిట్‌తో తుడుచుకునే ఈ ముచ్చట కన్న గోరింటాకు నయం కాదా అని అడగాలనిపిస్తున్నది. గోరింట పసుపుకు భయపడదు, పప్పుకు భయపడదు, కొస లేవదు. గోరు పెరిగేకొద్దీ మెల్లగా పైకి జరిగి నెలవంకలాగా మిగిలి వెళ్ళిపోతుంది. దెప్పడానికి అనడం లేదు. నా మనవరాలు కూడా ఈ మెరుపు గోళ్ళ కోసం పేచీ పెడుతున్నది గనుక తెలుసుకుందామని ఈ చర్చ చదువుతున్నాను.

వేసవిమల్లె (విజయవాడ), మే 11

నీలిగోరు గారూ, స్పిరిట్‌తో తుడిచి డాబా మీద అరగంట కూర్చున్నాను. పసుపు మూడు వంతులు పోయింది, మీకు రుణపడి ఉంటాను. చూపుడువేలి సంగతి కూడా మీరు చెప్పినట్టే ఉన్నది. భూతద్దం పెట్టి చూస్తే కొస అంచున సన్నని వెండిగీత ఉన్నది. ఎడమచేతి చిటికెనవేలికి ఆ గీత లేదు, ఆ గోరు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మామ్మగారూ, గోరింటాకును నేను వదిలిపెట్టలేదు. కానీ రంగు కదలడం అనే సరదా దానిలో లేదు కదా! అసలు ఆ కదలిక ఎలా వస్తుంది? పొడి డబ్బాలో చూస్తే తెల్లని పిండిలాగా ఉన్నదే, గోటి మీదికి వచ్చేసరికి అన్ని రంగులు ఎక్కడి నుండి వచ్చాయి?

గూడూరు_కాకిబంగారం (గూడూరు), మే 12

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు మా ఊరికి కొంత ఉన్నదనుకుంటాను. గూడూరు, సైదాపురం ప్రాంతాలలో తరతరాలుగా అభ్రకం తవ్వారు. మా నాన్నగారు అభ్రకాన్ని ఏరి రేకులుగా విడదీసే షెడ్డులో పని చేశారు. చిన్నప్పుడు మేము దానిని కాకిబంగారం అనేవాళ్ళము. గోటితో అంచు పట్టి లాగితే పొర మీద పొర ఊడుతూనే ఉండేది, ఎంత లాగినా ఇంకో పొర మిగిలేది. ఇళ్ళకు తిరిగి వెళ్ళేటప్పుడు పనివాళ్ళ చేతులూ కనురెప్పలూ తళతళలాడేవి. మా నాన్నగారి గోళ్ళ సందుల్లోని ఆ మెరుపు ఆదివారం తలంటి పోసుకున్నా పోయేది కాదు.

మీ డబ్బాలోని తెల్లని పిండి చాలావరకు ఆ జాతిదే. అభ్రకాన్ని కంటికి కనపడనంత సన్నని రేకులుగా నలిపి, ప్రతి రేకు మీదా టైటానియం డయాక్సైడ్ పూత పూస్తారు. ఆ పూత పై ముఖం మీద పడిన వెలుగు కొంత, లోపలి ముఖం దాకా వెళ్ళి తిరిగి వచ్చిన వెలుగు కొంత కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదానినొకటి చంపుకుంటాయి. సబ్బుబుడగ మీదా, వాన నీటిలో తేలే డీజిలు తెట్టు మీదా కనిపించేది ఇదే. పూత మందం సుమారు 50 నానోమీటర్లు ఉంటే వెండి తెలుపు, కొంచెం పెరిగితే బంగారు ఛాయ, 150 దగ్గరికి వస్తే ఆకుపచ్చ కనిపిస్తుంది. అంటే రంగు పదార్థంలో లేదు, మందంలో ఉన్నది. చేయి వంచినప్పుడు వెలుగు ఏటవాలుగా ప్రయాణిస్తుంది కాబట్టి రంగు కూడా జరుగుతుంది.

అభ్రకపు పూతలు రాకముందు ముత్యపు మెరుపు కోసం చేపపొలుసుల నుండి తీసిన గ్వానిన్ అనే మెరిసే పదార్థం వాడేవారు. ఇప్పుడు కొన్ని సంస్థలు గనులలో తవ్విన అభ్రకానికి బదులు కొలిమిలో తయారు చేసిన కృత్రిమ అభ్రకం వాడుతున్నాయి. దానికి ఝార్ఖండ్ గనులలో పిల్లలచేత పని చేయించడం మీద వచ్చిన విమర్శలు ఒక ముఖ్య కారణం. మీ డబ్బా మీద 77019 అనే సంఖ్య ఉంటే అది అభ్రకం, 77891 అంటే టైటానియం డయాక్సైడ్, ‘సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్’ అని ఉంటే కృత్రిమ అభ్రకం. నేనైతే డబ్బా తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవకుండా కొననివ్వను.

పడుగుపేక (ధర్మవరం), మే 12

గూడూరు వారి వివరణ చదివాక నాకొక మాట చెప్పాలనిపించింది. మా మగ్గాల మీద ఈ పని ఎప్పటి నుండో జరుగుతున్నది. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకొక రంగు పెట్టి నేస్తే చీర ఒకవైపు నుండి నీలంగా, మరొకవైపు నుండి ఆకుపచ్చగా కనిపిస్తుంది. నెమలికంఠం రంగు అని మీరు అడిగి కొనే చీర అదే. ఈ గోళ్ళను చూసి ఆడపిల్లలు కొత్త అంటున్నారు గానీ, డబుల్ షేడు చీర కట్టుకున్న మన నాయనమ్మలు ఈ మెరుపును భుజాన వేసుకుని తిరిగారు.

గూడూరు_కాకిబంగారం (గూడూరు), మే 12

పడుగుపేక గారూ, పోలిక అందంగా ఉన్నది కానీ పూర్తిగా ఒప్పుకోలేను. మీ చీరలో రెండు రంగులూ అద్దకంలో నిజంగా ఉన్నాయి. చూపు మారినప్పుడు ఒకసారి పడుగు, ఒకసారి పేక పైకి తేలుతుంది. నెమలి ఈకలో నీలం అద్దకం లేదు, గోటి మీది పొడిలోనూ లేదు. ఈకను దంచి పొడి చేస్తే మిగిలేది గోధుమ రంగు పిండి. మా ఊళ్ళో పిల్లలు తుమ్మచెట్ల మీద పట్టి అగ్గిపెట్టెలో దాచుకునే బంగారు పురుగు రెక్క మాత్రం ఈ గోళ్ళకు సొంత చుట్టం.

పడుగుపేక (ధర్మవరం), మే 13

ఒప్పుకుంటున్నాను. అయితే మగ్గం నేర్పే ఒక పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. పడుగు ముదురుగా ఉంటేనే పేక మెరుపు పలుకుతుంది. తెల్లని పడుగు మీద ఏ పేక వేసినా లేతబడిపోతుంది. వేసవిమల్లె గారి గోళ్ళకు అడుగున మీగడ రంగు వేయడం వల్లనే మెరుపు తొందరగా వెలవెలబోయిందేమో చూడండి.

నీలిగోరు (హైదరాబాద్), మే 13

మగ్గం మీది మాట నా బల్ల మీద నూటికి నూరుపాళ్ళు నిజం. అడుగున నలుపో ముదురు నీలమో ఉంటే రేకులను దాటి లోపలికి వెళ్ళిన వెలుగును అది మింగేస్తుంది. అప్పుడు తిరిగి వచ్చిన రంగు ఒక్కటే నిఖార్సుగా కనిపిస్తుంది. అడుగున తెలుపు ఉంటే లోపలికి వెళ్ళిన వెలుగు కూడా వెనక్కు వచ్చి మొదటి రంగులో కలిసిపోతుంది. నీలం పసుపుతో కలిసి పాలిపోయినట్టన్నమాట. 2022లో అమెరికన్ మోడల్ హేలీ బీబర్ ప్రచారంలోకి తెచ్చిన ‘గ్లేజ్డ్ డోనట్’ గోళ్ళు కావాలని ఆ పాలిపోయిన ముత్యపు మెరుపునే కోరుకున్నవి. ఫొటోలో అవి చాలా బాగుంటాయి. పప్పన్నం కలుపుకునే కుడిచేతికి మాత్రం అంత లేత అడుగు పనికిరాదని నా అభిప్రాయం. నా దగ్గరికి వచ్చేవారికి ముదురు వంగపండు రంగో, సీసా ఆకుపచ్చో, కాటుక నీలమో అడుగున వేసి దాని మీద అరోరా పొడి రుద్దుతాను. పసుపు అంటినా కనిపించదు, మెరుపు బంగారు పురుగు రెక్కలాగా ఉంటుంది.

ఇదొక్కటే దారి కూడా కాదు. దక్షిణ కొరియాలో 2015లో మొదలైన గాజుముక్కల గోళ్ళలో రంగులు మారే సెల్లోఫేన్ కాగితాన్ని చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించి రెండు పూతల నడుమ అతికిస్తారు. ఓపిక ఉన్నవారికి అది ఇంట్లో చేసుకోదగిన పని.

ఫ్రిస్కో_పిన్ని (టెక్సస్), మే 14

ఇక్కడ వేసవి సెలవులు దగ్గర పడ్డాయి, మా వీధిలోని పిల్లలందరి గోళ్ళూ మత్స్యకన్య తోకల్లా ఉన్నాయి. పార్లర్‌కు పోతే చేతికి డెబ్బై డాలర్లు అడుగుతున్నారని నేను ఆన్‌లైన్‌లో జెల్ సామగ్రి, చిన్న ల్యాంపు, పన్నెండు పొడుల డబ్బా తెప్పించుకున్నాను. మెరుపు పార్లర్‌కు తీసిపోకుండా వచ్చింది. అయితే మూడోసారి వేసుకున్న తరువాత నుండి గోళ్ళ చుట్టూ చర్మం దురద పెడుతున్నది, వేలి కొసలు వాచి పొక్కులలాంటివి వచ్చి పొట్టు లేస్తున్నది. ఈత కొలనులోని క్లోరిన్ వల్ల అనుకుని కొబ్బరినూనె రాస్తున్నాను. పెళ్ళికూతురి అక్కగారి పసుపు కష్టం ముందు నాది చిన్నదే గానీ, ఇలా ఇంకెవరికైనా అయిందా?

డాక్టరమ్మ (గుంటూరు), మే 14

ఫ్రిస్కో పిన్ని గారూ, మీది చిన్న కష్టం కాదు. నేను చర్మవైద్యురాలిని. చూడకుండా నిర్ధారణ చేయలేను గానీ, మీరు వర్ణించినది జెల్‌లో ఉండే యాక్రిలేట్లు అనే రసాయనాల అలర్జీని చాలా పోలి ఉన్నది. దయచేసి ఆ సామగ్రిని పక్కన పెట్టి, అక్కడి చర్మవైద్యులచేత ప్యాచ్ పరీక్ష, అంటే అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి అలర్జీ ఉన్నదో లేదో చూసే పరీక్ష, చేయించుకోండి.

గట్టిపడిన జెల్ కన్న గట్టిపడని జెల్‌తోనే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో వేసుకునేవారు కుంచెను గోటి చుట్టూ చర్మానికి తగిలిస్తారు, లేదా ల్యాంపూ జెల్లూ వేరు వేరు చోట్ల కొని వాటికి పొత్తు కుదరక పూత లోపల పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చి జెల్‌లోని ‘హెమా’ అనే పదార్థం, పూర్తి పేరు హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్, చర్మంలోకి దిగి శరీరానికి శత్రువుగా నమోదవుతుంది. ఒకసారి నమోదైతే ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. గోళ్ళ సరదా పోతే పోయింది, కానీ ఆ కుటుంబానికి చెందిన పదార్థాలనే పంటి ఫిల్లింగులలోనూ, కీళ్ళమార్పిడిలో వాడే ఎముకల సిమెంటులోనూ వాడతారు గనుక ఇబ్బంది అక్కడ కూడా ఎదురు కావచ్చు. ఐరోపా సమాఖ్యలో హెమా ఉన్న గోళ్ళ సామగ్రిని శిక్షణ పొందినవారు మాత్రమే వాడాలన్న నిబంధన ఉన్నది. జెల్ గట్టిపడడానికి తోడ్పడే ‘టీపీఓ’ అనే మరొక పదార్థాన్ని అక్కడ 2025 సెప్టెంబరు 1 నుండి సౌందర్య సామగ్రిలో పూర్తిగా నిషేధించారు.

ల్యాంపులోని అతినీలలోహిత కాంతి గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగశాలలో పెంచిన కణాలను గోళ్ళ ల్యాంపు కింద ఏకధాటిగా 20 నిమిషాలు ఉంచితే 20 నుండి 30 శాతం కణాలు చనిపోయాయి. అది గాజుపాత్రలోని కణాల సంగతి, మన చేతికి పైన చచ్చిన చర్మపు పొర రక్షణగా ఉంటుంది, మనం ఉంచే సమయమూ అంతకన్న తక్కువే. కాబట్టి గగ్గోలు పడనక్కర్లేదు. వేళ్ళ కొసలు కత్తిరించిన చేతితొడుగు వేసుకుంటే సరిపోతుంది, లేదా అరగంట ముందు సన్‌స్క్రీన్ రాసుకోవచ్చు.

ఫ్రిస్కో_పిన్ని (టెక్సస్), మే 15

డాక్టర్ గారూ, రాత్రి మీ సమాధానం చదివి డబ్బా తిప్పి చూశాను. మీరు చెప్పిన పేరు పదార్థాల పట్టీలో రెండవ స్థానంలో ఉన్నది. మా అమ్మాయి నా ల్యాంపు వాడుకోవడానికి రేపు స్నేహితురాళ్ళను పిలుచుకున్నది, ఆ కార్యక్రమం రద్దయింది. ఇంట్లో యుద్ధ వాతావరణం ఉన్నది గానీ, మామూలు పాలిష్‌తో ఈ మెరుపు వచ్చే దారి ఏదైనా ఉంటే సంధి కుదురుతుంది.

నీలిగోరు (హైదరాబాద్), మే 15

ఉన్నది. మామూలు పాలిష్ ఆరిన తరువాత నీటి ఆధారిత టాప్ కోట్ వేసి, అది వేలికి అంటనంతగా ఆరి, ఇంకా పూర్తిగా బిగుసుకోని సమయంలో పొడి రుద్ది, మళ్ళీ నీటి ఆధారిత టాప్ కోట్‌తోనే మూయాలి. మామూలు టాప్ కోట్‌లోని ద్రావకం పొడి కింది పొరను కరిగించి మెరుపును చెరిపేస్తుంది. జెల్‌లాగా రెండు మూడు వారాలు నిలవదు, నాలుగైదు రోజులు నిలిస్తే గొప్ప. ల్యాంపు అక్కర్లేదు, దురద పెట్టే యాక్రిలేట్ జెల్ దగ్గరికే పోనక్కర్లేదు. అయితే పిన్నిగారు మాత్రం ప్యాచ్ పరీక్ష ఫలితం వచ్చేదాకా దీనిని కూడా ముట్టుకోవద్దు, అమ్మాయికే వేయండి. వేసే ముందు చేతులు నీళ్ళలో నాననివ్వకండి. గోరు నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకున్నప్పుడు పైనున్న పూత పగులుతుంది.

తెల్లగౌను (విశాఖపట్నం), మే 16

నేను ఆసుపత్రిలో నర్సును గనుక చేతిగోళ్ళకు ఈ యోగం లేదు. రోగులను ముట్టుకునేవారు కృత్రిమ గోళ్ళు పెట్టుకోరాదని, సొంత గోళ్ళను అర సెంటీమీటరు లోపే ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల శుభ్రతా మార్గదర్శకాలలో చెప్పింది. అందుకని నా అరోరా క్రోమ్ అంతా కాలిగోళ్ళ మీదే సాగుతున్నది. డ్యూటీ దిగి బూట్లు విప్పినప్పుడు అది నాకొక్కదానికే దర్శనమిస్తుంది.

మరొక మాట. రక్తంలోని ఆక్సిజన్‌ను కొలవడానికి వేలికి తొడిగే ఆక్సిమీటరు ఎర్రని కాంతినీ కంటికి కనపడని పరారుణ కాంతినీ గోటి గుండా పంపి చదువుతుంది. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు పూతలు ఆ లెక్కను తప్పించవచ్చు. నీలిగోరు గారు చెప్పిన ముదురు అడుగు వేసుకునేవారు ఆపరేషను తేదీ దగ్గర పడితే కనీసం ఒకటి రెండు వేళ్ళకైనా ముందుగానే తీయించుకుని రండి. జెల్‌ను మేము వార్డులో తీయలేము. అసిటోన్ దూది చుట్టి, ఫాయిల్ బిగించి, పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

వేసవిమల్లె (విజయవాడ), జూన్ 2

చాలా రోజులకు తిరిగి వచ్చాను. పాత జెల్ తీయించుకుని, గోళ్ళకు పది రోజులు విశ్రాంతినిచ్చి, ఈసారి ఇంట్లోనే మామూలు పాలిష్‌తో నీలిగోరు గారి పద్ధతి చేశాను. కుడిచేతికి అడుగున వంగపండు రంగు, ఎడమచేతికి పట్టుదల కొద్దీ మళ్ళీ మీగడ రంగు వేసి, రెండింటి మీదా ఒకే పొడి రుద్దాను. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వేరు వేరు డబ్బాల పొడి అనుకుంటారు. ఎడమచేతిలో ముత్యం, కుడిచేతిలో బంగారు పురుగు.

మరునాడే ఆవకాయ పెట్టాము. అమ్మ చేతితొడుగు ఇచ్చింది గానీ, ముక్కకు కారం, ఆవపిండి సమంగా పట్టినదీ లేనిదీ వేళ్ళకు తెలియాలి కదా అని తీసేశాను. గంట సేపు నూనెలో, కారంలో మణికట్టు దాకా మునిగిన కుడిచేయి కడుక్కున్నాక చూస్తే వంగపండు రంగుకు ఏమీ కాలేదు. ముక్కలు తుడిచి అందించడం తప్ప ఏ పనీ చేయని ఎడమచేతి బొటనవేలు మాత్రం కారపు రంగు పట్టింది. కొసలు ఐదు రోజులు నిలిచాయి. ఆరో రోజున లేచినది మళ్ళీ ఆ కుడి చూపుడువేలే, అక్కడ పూతను మడవడం నేనే మరచిపోయాను. ఇక పార్లర్‌ను నిందించే అర్హత నాకు పోయింది.

ఫ్రిస్కో_పిన్ని (టెక్సస్), జూన్ 3

ప్యాచ్ పరీక్షలో డాక్టర్ గారి అనుమానమే నిజమైంది. పంటి వైద్యుల దగ్గర నా వివరాలలో కూడా ఆ మాట రాయించాను. మా అమ్మాయి మామూలు పాలిష్ మీద పొడి రుద్దుకుని సంధికి ఒప్పుకున్నది. ఈతకు వెళ్ళి వచ్చిన రోజే మెరుపు మసకబారుతున్నది గానీ, మళ్ళీ రుద్దుకోవడమే ఇప్పుడు దాని ఆట.

గోరింటచెట్టు (రాజమహేంద్రవరం), జూన్ 4

ముదురు అడుగు ఉంటే మెరుపు పలుకుతుందన్న మాట చదివినప్పటి నుండి నాకొక ఆలోచన తొలుస్తున్నది. ఎలాగూ ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటాము. బాగా పండిన గోరు తెల్లగా ఉండదు కదా. ఏ రంగూ వేయకుండా ఆ గోటి మీదే ఈ పొడి రుద్దితే ఎలా ఉంటుంది? నవ్వకుండా చెప్పండి.

నీలిగోరు (హైదరాబాద్), జూన్ 4

నవ్వడం కాదు మామ్మగారూ, పదకొండేళ్ళుగా నాకు ఈ ఆలోచన రానందుకు సిగ్గుపడుతున్నాను. చేయవచ్చు. గోరింట పెట్టిన వెంటనే కాకుండా, రాసిన నూనె పూర్తిగా పోయి రంగు ముదిరాక, అంటే మూడో రోజున, గోటిని స్పిరిట్‌తో తుడిచి రంగులేని బేస్ కోట్ వేయండి. ఆపైన నీటి ఆధారిత టాప్ కోట్, పొడి, మళ్ళీ టాప్ కోట్. పొడులలో నీలం వైపు మొగ్గేది కాకుండా ఆకుపచ్చ, బంగారు వైపు మొగ్గేది తీసుకోండి. గోరింట ఎరుపు మీద అది నలగకుండా కనిపిస్తుంది.

వేసవిమల్లె (విజయవాడ), జులై 19

ఆషాఢం వచ్చింది, మా చెల్లెలు పుట్టింటికి వచ్చింది. గురువారం రాత్రి పెరట్లోని గోరింట దూసి, రుబ్బి, ఇద్దరమూ పెట్టుకున్నాము. ఈ రోజు మధ్యాహ్నం మామ్మగారి ఆలోచనను అమలు చేశాము. చింతపండుతో తోమిన రాగిచెంబు తడి ఆరుతున్నప్పుడు దాని మీద ఒక క్షణం ఆడే రంగులు ఎలా ఉంటాయో అలా వచ్చాయి. కిటికీ దగ్గర ఆకుపచ్చ కలిసిన బంగారం, ట్యూబులైటు కింద రాగి, చేయి బాగా వంచితే అంచున ఒక సన్నని గులాబీ గీత. ఫొటో తీస్తే వీటిలో ఒక్కటే పడుతున్నది, అందుకని పెట్టడం లేదు.

అమ్మ మొదట దూరం నుండి చూసి, ఉన్న గోరింటను పాడు చేశారని విసుక్కున్నది. కాసేపటికి వచ్చి పొడి డబ్బా మూత తీసి, వాసన చూసి, ఏమీ లేదని తేల్చుకుని, చిటికెనవేలు చాపి, “ఇదిగో, ఈ ఒక్కదానికి రుద్దండి, మీ నాన్నకు చెప్పకండి” అన్నది.